రంపెకు పిడి వేసేదెవరు?

రెండేళ్ల కిందట ఒక మ్యూజియంలో చేతివృత్తుల గది చూశాను. కమ్మరి తిత్తి, కుమ్మరి సారె, సాలె మగ్గం వరసగా పెట్టారు. ప్రతిదాని పక్కనా పేరూ వివరమూ ఉన్నాయి. చివరన ఒక అద్దాల పెట్టెలో రంపె కనిపించింది. కింద చీటీ మీద 'చర్మకారుల కత్తి, ఇనుము' అని మాత్రం రాశారు. ఆ రంపెకు పిడి లేదు. పిడిలోకి దిగే సన్నటి ఇనుప మొన ఖాళీగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. మా ఇంట్లో దాన్ని 'తోక' అంటాం. పిడి ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఊడిపోయిందన్న సంగతి రాయాలని కూడా ఎవరికీ తోచలేదు.

మా నాయిన రంపెతో బతికినోడు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పరిశోధన కోసం వృత్తి పనిముట్ల మీద దొరికిన పుస్తకాలు చదువుతున్నప్పుడు ఆ మ్యూజియం చీటీయే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. నేను చదివినవాటిలో కత్తి అంటే ఇనుము, ఇనుము అంటే కమ్మరి. కమ్మరి పని గొప్పదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కొలిమి నుంచి వచ్చిన ఇనుము అప్పటికింకా పనిముట్టు కాదు. చేతికి పట్టు దొరికితేనే పనిముట్టు. ఆ పట్టు ఎవరు తయారు చేశారు, ఏ లెక్కతో చేశారు అన్నది ఈ వ్యాసం విషయం. (ఆ మ్యూజియంలోని కమ్మరి తిత్తి తోలుదే. ఆ తోలు ఎవరు కుట్టారో చీటీలో లేదు. అది వేరే వ్యాసం.)

మా ఊళ్లో రంపె ఎట్లా పుట్టేదో ముందు చెప్పాలి. నా చిన్నతనంలో, అంటే 1990ల చివర, కమ్మరాయన లారీ కమాన్ పట్టా ముక్కతోనో అరిగిపోయిన ఆకురాయితోనో రంపె చేసేవాడు. రెండూ మంచి ఉక్కే. ఎర్రగా కాల్చి సాగగొట్టి, ఒక కొస వెడల్పు చేసి, ఇంకో కొసను తోకలాగా సన్నం చేసి, పదును వైపు నీళ్లు పట్టించి ఇచ్చేవాడు. రైతు కొడవలికీ, గొడ్డలికీ, పారకూ పిడీ కామా వడ్లాయన వేసేవాడు. అందుకు కల్లం దగ్గర ఏటా గింజలు కొలిచేవాళ్లు. మా రంపెకు ఆ లెక్క లేదు. కమ్మరికి రొక్కం ఇచ్చి కొలిమి బయట నిలబడి తీసుకోవడమే. వడ్లాయన రంపెను ముట్టేవాడు కాదు. ఒకసారి తోలు మీద నడిచిన ఇనుము ఆయన వాకిట్లోకి పోగూడదు. కాబట్టి పిడి మేమే వేసుకోవాలి. అంటరానితనం బలవంతంగా మా మీద వేసిన పని ఇది. అయితే తరతరాలుగా చేసిన కొద్దీ ఆ పనిలో ఒక శాస్త్రం పోగయింది.

పిడి అంటే కట్టెకు బెజ్జం పెట్టి ఇనుము దిగ్గొట్టడమే అనుకునేవాళ్లుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. మా నాయిన పక్కన కూర్చుని చూస్తే తెలిసింది, ఆయన మొదట చూసేది కట్టెనూ కాదు, ఇనుమునూ కాదు. ఆ కత్తిని నెట్టే పనికి వాడతారా, లాగే పనికి వాడతారా అన్నది చూస్తాడు.

కొడవలి లాగే పనిముట్టు. కోత కోసేటప్పుడు మనిషి కొడవలిని తనవైపు గుంజుతుంది. ప్రతి గుంజుడుకూ ఇనుము పిడిలోంచి బయటికి రావాలని చూస్తుంది. అందుకే కొడవలి తోక పిడి పొడుగునా పోయి వెనకవైపు బయటికి వస్తుంది. బయటికొచ్చిన కొసను వంచి కట్టెలోకి కొడతారు. ఇక ఎంత గుంజినా ఊడదు. రంపె దీనికి పూర్తిగా తిరగబాటు. బండ మీద తోలు పరిచి రంపెను కిందికీ ముందుకీ నెడతాం. చెప్పు అంచు పలచన చేసేటప్పుడైతే అరచెయ్యి మొత్తం బరువు పిడి వెనక మీదే పడుతుంది. తోక పిడి దాటి బయటికొస్తే అరచేతిలో దిగుతుంది. కాబట్టి రంపె తోక పిడిలో మూడొంతులకే ఆగాలి. పిడి వెనక గుండ్రంగా, కోడిగుడ్డు మొద్దు కొసలాగా ఉండాలి. నెట్టిన ప్రతిసారీ తోక ఇంకా లోపలికి పోయి కట్టెను చీల్చాలని చూస్తుంది. దానికి రెండు అడ్డాలు పెడతారు. ఒకటి, తోక మొదట్లో ఇనుముకు రెండు పక్కలా 'భుజాలు' వదలడం. భుజాలు కట్టె మూతికి ఆనుకుని తోకను ఆపుతాయి. రెండోది, కట్టె మూతి చుట్టూ పొన్ను. ఇనుప పొన్ను గానీ ఇత్తడి పొన్ను గానీ వేడిచేసి ఎక్కిస్తే చల్లారేటప్పుడు బిగుసుకుంటుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేదీ ఈ సూత్రంతోనే.

ఆరె సంగతి ఇంకో తీరు. దాన్ని పొడవాలి, తిప్పాలి, మళ్లీ గుంజాలి. మూడు బలాలూ ఒకే పిడి మీద పడతాయి. ఆరె తోక గుండ్రంగా ఉంటే తిప్పినప్పుడు పిడి ఒక్కటే తిరిగి ఇనుము నిలబడిపోతుంది. అందుకే తోకను నాలుగు పలకలుగా సాగగొట్టమని కమ్మరికి ముందే చెప్పాలి. అంటే కమ్మరి కొలిమి దగ్గరే పిడి ఆలోచన మొదలవుతుంది. ఇనుము ఎట్లా ఉండాలో చెప్పేవాడు దాన్ని వాడే మాదిగ. కొలిమి బయట నిలబడి చెబుతాడు, అంతే తేడా.

కట్టె విషయానికొస్తే మా వైపు నల్లతుమ్మ, రేగు, చింత వాడేవాళ్లు. నాయిన నల్లతుమ్మే ఇష్టపడేవాడు. అదీ చేవ మాత్రమే. చుట్టూ ఉండే తెల్ల చెక్క పుచ్చిపోతుందని చెక్కి పారేసేవాడు. నరికిన కట్టెను వెంటనే వాడితే పని చెడుతుంది. పచ్చికట్టె ఎండే కొద్దీ అడ్డంగా ముడుచుకుంటుంది, పొడుగులో మాత్రం దాదాపు ముడుచుకోదు. అడ్డంగా ముడుచుకుంటే బెజ్జం ఆకారం మారుతుంది. లోపల ఇనుము ముడుచుకోదు కాబట్టి కట్టె పగులుతుంది, లేదా పొన్ను జారి ఊడిపోతుంది. కనీసం ఒక ఎండాకాలం దాటిన కట్టె కావాలి. మా ఇంటి చూరులో ఎప్పుడూ నాలుగైదు ముక్కలు పొగకు నల్లబడుతూ ఉండేవి. ఈనె పొడుగునా పిడి పొడుగు రావాలి. ఈనె అడ్డంగా వస్తే మొదటి దెబ్బకే విరుగుతుంది.

ఇక బెజ్జం. బర్మా లేని ఇంట్లో బెజ్జం కాల్చి పెడతారు. ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు, నేనూ చేశాను. పదకొండేళ్ల వయసులో నాయిన లేనప్పుడు రంపె తోకనే పొయ్యిలో ఎర్రగా కాల్చి కట్టెలో గుచ్చాను. పొగ వచ్చింది, లోపలికి దిగింది, నాకు గర్వమనిపించింది. సాయంత్రం నాయిన చూసి కొట్టలేదు. రంపె చేతికిచ్చి తోలు కోయమన్నాడు. రెండు కోతలకే పదును వంగిపోయింది. "కాల్చినవ్ బిడ్డా. ఇనుము మెత్తబడ్డది. ఇగ కమ్మరాయనకు మళ్ల పైసలు పెట్టాలె" అన్నాడు. ఆ వారం చెప్పుల పని ఆగింది.

ఎందుకట్లా జరిగిందో ఇప్పుడు చెప్పగలను. నీళ్లు పట్టించిన ఉక్కును మళ్లీ వేడి చేస్తే దాని గట్టిదనం దిగుతుంది. మెరుగు పెట్టిన ఉక్కు మీద 220 డిగ్రీల దగ్గర లేత పసుపు రంగు వస్తుంది, 300 దగ్గరికి నీలం అవుతుంది. తోలు కోసే పదునుకు నీలం వచ్చిందంటే ఆ పదును ఇక ఎక్కువసేపు నిలవదు. తోక దగ్గర పుట్టిన వేడి ఇనుము గుండా పదును దాకా పాకుతుంది. దీనికి నాయిన చేసే ఉపాయం రెండంచెలుగా ఉండేది. తోక కొలతకే కొంచెం సన్నగా ఉన్న ఒక పాత మేకును కాల్చి దానితో బెజ్జం చేసేవాడు. లోపలి బొగ్గును గీకి దులిపేవాడు, ఎందుకంటే బొగ్గు మిగిలితే కొన్నాళ్లకు పొడై పిడి కదులుతుంది. ఆ తర్వాతే అసలు తోకను, అదీ ఎరుపెక్కకుండా, లక్క కరిగేంత మాత్రమే వేడిచేసి దించేవాడు. అప్పుడు పదును వైపు తడిగుడ్డ చుట్టి పట్టుకునేవాడు. తడిగుడ్డ ఉన్నంతసేపు ఇనుము నీళ్లు మరిగే వేడిని మించి పోదు. ఈ లెక్క పుస్తకం నాకు ఇంటర్మీడియట్‌లో నేర్పింది. తడిగుడ్డ అంతకు ముందే మా ఇంట్లో ఉంది.

లక్క ఒక్కటే పోస్తే పెళుసుగా ఉండి పగులుతుంది. దానిలో జల్లెడ పట్టిన ఇటుక పొడి కలుపుతారు. పొడి కలిస్తే లక్క చల్లారేటప్పుడు తక్కువ ముడుచుకుంటుంది, తోక చుట్టూ సందు లేకుండా నిండుతుంది, నీళ్లు లోపలికి పోవు. నీళ్లు పోకపోవడం చెప్పులు కుట్టేవాడికి ముఖ్యం. తోలు నానబెట్టే కదా కోసేది. ఇంకో లాభం కూడా ఉంది. పిడి పాడైతే తోకను మళ్లీ కొంచెం వేడి చేస్తే చాలు, లక్క కరిగి పిడి ఊడివస్తుంది. ఇనుము చెడకుండా కొత్త పిడి వేయొచ్చు. రాజుల కత్తుల ఒరలూ పిడులూ చూపించే గదుల్లో కూడా ఇలాంటి లక్క పనే ఉంటుంది. అక్కడ దాన్ని కళ అంటారు.

పొన్నుకు ఇత్తడి దొరకని ఇళ్లలో పచ్చితోలు వాడేవాళ్లు. దీన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది పూర్తిగా మాదిగల సొంత విద్య. లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలు ఎండినా మెత్తగా వంగుతుంది. ఊరని పచ్చితోలు అట్లా కాదు. తడిగా ఉన్నప్పుడు సాగుతుంది, ఎండితే ముడుచుకుని కొమ్ములాగా గట్టిపడుతుంది. తంగేడు చెక్కలోని వగరు తోలు పోగుల మధ్య చేరి వాటిని ఒకదానికొకటి అతుక్కోనివ్వదు, పచ్చితోలులో ఆ అడ్డం లేదు. మాదిగకు ఈ రెండు గుణాలూ వేర్వేరుగా తెలుసు. చెప్పుకు ఊరిన తోలు, డప్పుకు పచ్చితోలు. పిడి మూతికి కూడా పచ్చితోలే. దూడ తోక తోలును గొట్టంలాగా ఒలిచి తడిగా ఉండగానే పిడికి తొడిగి నీడలో ఆరబెడతారు. కుట్టు లేదు, మేకు లేదు. ఎండేసరికి కట్టెను ఇనుప పొన్నులాగా పట్టుకుంటుంది. ఎండలో పెడితే తొందరగా ఎండి ఒక పక్క పగులుతుంది. లోపం లేదని కాదు. తడి తగిలితే మళ్లీ సాగుతుంది. అందుకని పైన కొవ్వో ఆముదమో బాగా రుద్దుతారు. చచ్చిన పశువు తోలు తీసే కత్తికి మాత్రం ఈ పచ్చితోలు పొన్ను పనికిరాదు. ఎప్పుడూ తడీ నెత్తురూ కాబట్టి దానికి లోహపు పొన్నే వేయాలి. పిడి ముందువైపు ఉబ్బుగా కూడా చెక్కాలి, లేకపోతే కొవ్వు జిడ్డుకు చెయ్యి జారి పదును మీదికి పోతుంది.

పిడి చెడ్డదైతే ఏమవుతుందో మా పెద్దనాయిన చెయ్యి చెబుతుంది. కదులుతున్న పిడితో తోలు తీస్తుంటే కత్తి అడ్డం తిరిగి బొటనవేలు మొదట్లో నరం తెగింది. ఆ వేలు మళ్లీ వంగలేదు. చచ్చిన గొడ్డు దగ్గర తెగిన గాయం అంటే ధనుర్వాతం భయం కూడా. ఆయన తర్వాత రంపె పట్టలేక ఇటుక బట్టీకి పోయాడు. 'కులవృత్తి వదిలేశాడు' అని ఊరు అన్నది. వదిలించింది ఒక పిడి.

ఆడవాళ్ల చెయ్యి గురించి కూడా చెప్పాలి. మా అమ్మ కూలికి పోయేటప్పుడు కొడవలి తనదే తీసుకుపోవాలి. కోతలకు ముందు కమ్మరి దగ్గర కక్కు కొట్టించేది. వడ్లాయన వేసే పిడి రైతు చేతి కొలత. మా అమ్మ పిడికిలికి అది లావు. లావు పిడి పట్టుకుంటే వేళ్లు పూర్తిగా మూసుకోవు, జారకుండా ఇంకా గట్టిగా పట్టాలి, పొద్దు గూకేసరికి మణికట్టు వాస్తుంది. "ఇది మొగోని పిడి" అని గాజుపెంకుతో గీకి సన్నం చేసుకునేది. పక్కవాళ్ల కొడవళ్లకు కూడా గీకి పెట్టేది. ఇప్పుడు పనిముట్టును మనిషి ఒంటికి తగ్గట్టు మలచడాన్ని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక సబ్జెక్టుగా చెబుతున్నారు. మా అమ్మ గాజుపెంకు పని దానిలోకి వస్తుందో రాదో ఆ సార్లనే అడగాలి.

ఈ విద్య కాగితం మీదికి ఎందుకు రాలేదు? తోలు గురించి రాయలేదని కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఊరిన తోళ్లు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేవి. 1904లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆ ప్రెసిడెన్సీలోని తోలు పరిశ్రమ మీద ఒక గ్రంథమే రాశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. సరుకుకు ఒక పుస్తకం, కులానికి ఒక పుస్తకం. సరుకుకూ కులానికీ మధ్యన ఉన్న చేతి తెలివికి మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ ఒక శాఖ లేదు. నేను ఈ అంశం చెప్పినప్పుడు ఒక పెద్దాయన "ఆధారాలేవి?" అని అడిగాడు. మా నాయిన అని చెప్పాను. ఆయన నవ్వాడు.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైన ప్రశ్నే. రంపెను పొగిడితే కులవృత్తిని పొగిడినట్టు కాదా? అంబేద్కర్ 1927లో మహద్‌లో చచ్చిన పశువుల మాంసం మానమని చెప్పాడు కదా, ఆ తర్వాత 1936లో కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన కూడా అని తేల్చాడు కదా అంటారు. నిజమే. నా పిల్లలు రంపె పట్టాలని నేను కోరుకోను. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. నెల తిరిగేసరికి, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత సోదరుల మీద అదే పని చేశారు. ఊనా తర్వాత సురేంద్రనగర్ దళితులు చచ్చిన పశువుల్ని కలెక్టరాఫీసు ముందు పడేసి 'మీ తల్లిని మీరే మోసుకోండి' అన్న అర్థంలో పని ఆపేశారు. కత్తి కింద పెట్టడం కూడా పోరాటమేనని వాళ్లు చూపించారు. నేను దాన్ని కాదనను. కానీ పని వదిలేయడం వేరు, ఆ పనిలో మనకు తెలివే లేదని ఒప్పుకోవడం వేరు. మొదటిది మన నిర్ణయం. రెండోది ఆ మ్యూజియం చీటీ రాసినవాళ్ల నిర్ణయం. వృత్తి పోయే రోజుల్లోనే దాని తెలివిని రాసి పెట్టకపోతే, రేపు అది ఇంకెవరి పేరు మీదో పేటెంటయినా మనకు తెలియదు.

అందుకే ఊళ్లలో పనిచేసే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నా విన్నపం. పనిముట్టు కనిపిస్తే ఫోటో తీసి పేరు రాసుకుని రావొద్దు. పిడి ఎవరు వేశారు, ఏ కట్టె, తోక ఎంత లోపలికి పోయింది, చివర వంచారా ఆపేశారా, సందులో ఏం నింపారు, ఎవరి చేతి కొలత, వడ్లాయన వేసిచ్చాడా, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు వెంటనే రాదు. రెండోసారి పోవాలి. ఆడవాళ్లను విడిగా అడగండి, మగవాళ్లు పక్కనుంటే వాళ్ల జవాబు మగవాళ్లే చెప్తారు. పాత పిడి దొరికితే ఊడదీసి చూడొచ్చు, వేడి చేస్తే లక్క కరుగుతుందని పైన రాశాను, కానీ ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్ల చేతనే తీయించండి.

పోయిన నెల మా మండల కేంద్రంలో బస్టాండు ముందు చెప్పులు కుట్టే ఒకాయన రంపె చూశాను. పిడికి కట్టె లేదు. తోక మీదుగా పాత సైకిలు ట్యూబును సన్నగా కోసి, సాగదీసి, ఒకదాని మీద ఒకటి పదిహేను ఇరవై చుట్లు చుట్టాడు. ఎందుకని అడిగితే, "కట్టెకు తుమ్మ యాడ దొరుకుతది సార్? రబ్బరు అదే గుంజి పట్టుకుంటది" అన్నాడు. సాగిన రబ్బరు వెనక్కి ముడుచుకోవాలని చూస్తూ ఉంటుంది కాబట్టి ప్రతి చుట్టూ కింది చుట్టును నొక్కుతుంది. పచ్చితోలు చేసే పనే అది, తడికి సాగదు కూడా. ఎండకూ చెమటకూ జిగురెక్కి మూడు నాలుగు నెలలకు మార్చాల్సి వస్తుందట. వెనక అరచెయ్యి ఆనే చోట మాత్రం ఒక పాత చెప్పు మడమ ముక్కను గుండ్రంగా కోసి పెట్టుకున్నాడు.